బంద్ మర్నాటి లెక్క

పోయిన మంగళవారం మధ్యాహ్నం కోరుట్ల నుంచి అక్క ఫోన్ చేసింది. అక్క అంటే తోడబుట్టింది కాదు. నేను ఆసుపత్రి కంప్యూటర్ల విభాగంలో పనిచేసిన రోజుల్లో మా కోరుట్ల శాఖలో ఓపీ చీటీలు ఇచ్చే కౌంటర్లో కూర్చునే ఆవిడ. "చెల్లె, సారు పోయిండు" అంది. నేను అడిగిన మొదటి మాట, "ఎన్ని గంటలకు?"

అడిగాక నాలుక కరుచుకున్నాను. చావు కబురు చెబితే ఎవరైనా అయ్యో అంటారు, ఏమైందంటారు. నేను టైమ్ అడిగాను.  అక్క ఏడుస్తూనే నవ్వింది. "సారుంటె గూడ ముందుగల్ల గదే అడుగుతుండె" అంది.

నిజమే. ఏ ఊరి కౌంటర్ నుంచి ఏ ఫిర్యాదు వచ్చినా ఆయన అడిగేవి మూడే ప్రశ్నలు. ఎన్ని గంటలకు? ఎంతమంది నిలబడ్డరు? చీటీ చేతికి వచ్చెటాళ్లకు ఎంతసేపు పట్టింది? "ఏమో సార్, సిస్టమ్ బాగా స్లో ఉంది" అని ఎవరైనా అంటే ఆయనకు ఒళ్ళు మండేది. "స్లో అన్నది లెక్క గాదు, తిట్టు. తిట్టును నోటుబుక్కుల ఎట్ల రాసుకోవాలె?" అని ఫోన్ పెట్టేసేవారు. పెట్టేసి, ఊరుకునే మనిషి కాదు. అరగంటలో చెప్పులు వేసుకుని బస్సెక్కి ఆ ఊరు వెళ్ళి ఆ కౌంటర్ ముందు నిలబడేవారు.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఆసుపత్రిలో కూడా ఆ పేరు ఎవరూ వాడలేదు. డాక్టర్ల నుంచి ఆయాల దాకా అందరికీ ఆయన లెక్కల సారు. వెనకాల మాత్రం చింతగింజల సారు.

ఆ ఆసుపత్రిని ఒక ధర్మసంస్థ నడిపేది. పెద్దది జగిత్యాలలో, చిన్నవి కోరుట్లలో, సిరిసిల్లలో. మూడు ఊళ్ళ కౌంటర్లకూ కలిపి ఒక్కటే సర్వర్. అది జగిత్యాలలో ఎక్స్‌రే గది పక్కన చిన్న గదిలో ఉండేది. ఎక్కడ ఏ రోగి పేరు రాయించుకున్నా ఆ పేరు టెలిఫోన్ తీగ మీద దాని దగ్గరికి వెళ్ళి, నంబరు తెచ్చుకుని, చీటీగా బయటికి రావాలి. రక్తపరీక్షల రిపోర్టులు కూడా దాని లోంచే రావాలి. ఆ ఒక్క పెట్టె ఎంత బరువు మోస్తున్నదో కొలవడం, వచ్చే ఏడాదికి ఎంత మోయవలసి వస్తుందో, దానికి ఎంత పెద్ద మెషీన్ కావాలో ముందే చెప్పడం మా విభాగం పని. విభాగం అంటే ఇద్దరమే, ఆయనా నేనూ.

నేను ఎం.సి.ఏ. ఫస్ట్ క్లాసు. పైగా కోరుట్లలో మా వాడకట్టుకంతటికీ మొదటి ఎం.సి.ఏ. కాబట్టి తల కొంచెం ఎత్తుగానే పెట్టుకుని మొదటిరోజు వెళ్ళాను. సర్వర్ గది తలుపు తీసి చూపిస్తారనుకున్నాను. ఎదురుగా పొట్టిగా, తెల్ల సగం చేతుల చొక్కాలో, అరవైకి దగ్గర పడ్డ మనిషి. మెడలో నల్లదారానికి ఆటల సార్లు వేసుకునే స్టాప్‌వాచ్. ప్యాంటు జేబులు రెండూ ఉబ్బెత్తుగా ఉన్నాయి. నా సర్టిఫికెట్లు అడగలేదు. జేబులోంచి గుప్పెడు చింతగింజలు తీసి నా చేతిలో పోశారు.

"మిషన్ కాడికి రేపు పోదాం. ఇయ్యాల లైన్ల నిలబడు. నీ ఎనుక ఒక్కొక్కలు వచ్చి నిలబడ్డప్పుడల్లా ఒక్క గింజ కుడి జేబుల నుంచి ఎడమ జేబుల ఎయ్యి."

నా చుడీదార్‌కు జేబులు లేవన్నాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి తన టిఫిన్ డబ్బా ఖాళీ చేసి ఇచ్చారు. పది గంటల నుంచి ఒంటిగంట దాకా ఓపీ లైన్లో నిలబడి, డబ్బాలో గింజలు వేసుకుంటూ, చుట్టుపక్కల ముసలమ్మలు నాకేదో మొక్కు ఉందనుకుని జాలిగా చూస్తుంటే, ఫస్ట్ క్లాసు మొత్తం కారిపోయింది. ఒంటిగంటకు ఆయన వచ్చి అడిగారు.

"ఏం సమజైంది?"

"కాళ్ళు నొస్తున్నయి సార్."

నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. "గంతే. మొదటి లెక్క గదే. రాసుకో" అన్నారు.

నేను మాత్రం సర్వర్ తెరనే నమ్మేదాన్ని. అందులో మెషీన్ ఎంత శాతం పనిలో ఉందో గీత కనబడేది. ఆయన ఆ గీతను కూడా చూసేవారు, కాదనను. కానీ చూసి, ఊరి పొలిమేర దాటని కొడుకు లోకం సంగతులు చెబుతుంటే విన్నట్టు తల ఊపి బయటికి నడిచేవారు. "మిషన్నడిగితె మంచిగనే ఉన్న అంటది బిడ్డా. గోడకు ఆనుకొని నిలబడ్డోళ్లను అడుగు." ఆయన కంప్యూటర్ నేర్చుకున్నది నలభై దాటాక, మీసాలు రాని పిల్లల మధ్య కూర్చుని. అంతకు ముందు సిరిసిల్లలో సాంచాల మీద పని. మరమగ్గాన్ని అక్కడ సాంచా అంటారు. తండ్రీ, ఆయనా, అన్నలూ అందరూ ఆ చప్పుడులోనే బతికినవాళ్ళు. అందుకే కాస్త గట్టిగా మాట్లాడేవారు. కొత్తవాళ్ళు కోపం అనుకునేవారు.

మెషీన్ నిండుతున్న కొద్దీ రోగుల నిరీక్షణ ఎందుకు ఒక్కసారిగా పెరిగిపోతుందో నాకు కాలేజీలో రెండు పేజీల సూత్రంగా చెప్పారు. అప్పుడు అర్థం కాలేదు. ఆయన ఒక్క మాటలో చెప్పారు. "సగం నిండిన బస్సుల ఇంకొకలు ఎక్కితె ఎవ్వలకు తెలువది. నిండిన బస్సుల ఇంకొకలు ఎక్కితె అందరికి తెలుస్తది." ఇప్పటికీ నా దగ్గర పనిచేసే పిల్లలకు ఆ మాటే చెబుతాను. సొంత మాటలాగా చెబుతాను, అదీ నా గుణం.

కొలవడం ఆయనకు ఉద్యోగం కాదు, ఊపిరి. టీ హోటల్లో ఆర్డర్ చెప్పిన దగ్గర్నుంచి గ్లాసు బల్ల మీదికి వచ్చే దాకా చేయి స్టాప్‌వాచ్ మీదే ఉండేది. మంగలి షాపులో తన వంతు వచ్చినా, ఇంకా లెక్క పూర్తి కాలేదని వెనకవాణ్ణి కూర్చోబెట్టేవారట. కరెంటు బిల్లుల దగ్గర, రేషన్ షాపు దగ్గర, ఎక్కడ లైన్ కనబడినా ఆ మనిషి ఆగిపోవలసిందే. పెళ్ళికి పిలిస్తే భోజనం చేసి రాకుండా, భోజనాల బంతి ఎక్కడ ఆగుతున్నదో చూసి వచ్చేవారు. ఒక్కోసారి నాకు విసుగొచ్చేది. ఇంత వయసొచ్చిన మనిషికి ఇదేం పిచ్చి అనుకునేదాన్ని.

అవి తెలంగాణ ఉద్యమం ఉరకలు వేస్తున్న రోజులు. ఇవాళ బంద్, రేపు రాస్తారోకో, ఎల్లుండి ధర్నా. బళ్ళ నంబరు ప్లేట్ల మీద ఎవరికి వారు ఏపీ చెరిపి టీజీ అని రాసుకునేవారు. ఒకరోజు ఇద్దరం జగిత్యాల నుంచి కోరుట్ల కౌంటర్ చూడటానికి ఆటోలో బయలుదేరాం. సగం దారిలో రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు, గుండిగలు, జెండాలు, డప్పులు. వంటావార్పు. ఆటో అతను ఇంజను ఆపేసి దిగి పాటలో కలిసిపోయాడు. నేను తల పట్టుకున్నాను. పక్కకు చూద్దును కదా, సారు అప్పటికే స్టాప్‌వాచ్ నొక్కారు.

విస్తరాకులు పట్టుకుని జనం లైన్లో నిలబడి ఉన్నారు. లైన్ కదలడం లేదు. ఆయన అయిదు నిమిషాలు చూసి, మెడలో గులాబీ కండువా వేసుకుని అందరినీ అదిలిస్తున్న యువకుడి దగ్గరికి వెళ్ళారు.

"తమ్మీ, అన్నం కాడ ఆగుతలేదు. చారు కాడ ఆగుతుంది. ఒక్కటే గంటె ఉన్నది. ఇంకో గంటె పెట్టు, లైన్ సగమైతది."

అతను ఈ ముసలాయన ఎవరన్నట్టు చూశాడు. అయినా ఎక్కడినుంచో ఇంకో గరిటె తెప్పించాడు. కాసేపటికి లైన్ నిజంగానే సగమైంది. ఆ సంబరానికి మా ఇద్దరికీ విస్తళ్ళు ఇచ్చి రోడ్డు మీదే కూర్చోబెట్టారు. అతను వచ్చి పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"సారూ, గిన్ని లెక్కలు జెప్తున్నవ్. తెలంగాణ ఎన్నడొస్తదో గూడ లెక్కగట్టి జెప్పరాదు?"

సారు పప్పుచారు కలుపుతూనే అన్నారు. "లైన్ ఎంత పొడుగున్నదో నాకెరుక. ఎన్నేండ్ల సంది నిలబడ్డరో ఎరుక. కౌంటర్ ఎప్పుడు తెరుస్తరో అది లోపల కూసున్నోన్ని అడుగు."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. ఎవరో జై తెలంగాణ అన్నారు. రోడ్డు రోడ్డంతా బదులు పలికింది. సారు కుడిచెయ్యి అన్నంలో ఉందని ఎడమచెయ్యి ఎత్తారు. ఎంతమంది పలికారో లెక్కపెట్టలేదా సార్ అని ఆటపట్టించాను. "గది లెక్కపెట్టేది గాదు బిడ్డా" అన్నారు. ఆయన గొంతు అంత మెత్తగా అయిపోవడం నేను వినడం అదే మొదటిసారి.

ఇంతవరకూ రాసింది హాయిగా రాశాను. ఇక మీదటిది రాయడానికే ఈ కాగితం ముందు కూర్చున్నాను.

మెట్‌పల్లిలో కొత్త శాఖ తెరవాలని ఆసుపత్రి పెద్దలు అనుకున్నారు. దాని కౌంటర్లు కూడా ఉన్న సర్వర్‌కే తగిలిస్తే మోస్తుందా, కొత్తది కొనాలా? ఈ మాట తేల్చి రిపోర్టు ఇమ్మని మేనేజర్ అడిగారు. కొనక్కర్లేదని రాస్తే ఆయనకు సంతోషమని చెప్పకుండానే చెప్పారు. సారు అప్పటికి నెల రోజులుగా మూడు ఊళ్ళూ తిరిగి కొలిచారు. ఆయన నోటుబుక్కులో తారీఖుకు ఒక వరస. ఎన్ని గంటలకు, ఎంతమంది, ఎంతసేపు. కొన్ని తారీఖుల ఎదురుగా ఎర్ర సిరాతో బంద్ అని రాసి ఉండేది. దాని మర్నాటి తారీఖు కింద రెండు గీతలు.

అంకెలన్నీ కంప్యూటర్లో ఎక్కించి రిపోర్టు తయారు చేయడం నా వంతు. చివరి పేజీలో ఇద్దరి సంతకాలు ఉండాలి. శుక్రవారం సారు సిరిసిల్ల బయలుదేరుతూ, బస్సులు ఆగిపోతాయన్న మాట వినబడుతున్నది కాబట్టి, ఖాళీగా ఉన్న చివరి పేజీ మీద ముందే సంతకం పెట్టి ఇచ్చారు. "నువ్వు జేస్తె నేను జేసినట్టే" అన్నారు.

నేను ఏం చేశానో ఉన్నదున్నట్టు చెబుతాను. ఆ ఎర్ర సిరాను చూసి, పెద్దాయన ఉద్యమం మీద అభిమానంతో రాసుకున్నారనుకున్నాను. జనం బళ్ళ మీద రాసుకున్నట్టే ఈయన నోటుబుక్కులో రాసుకున్నారనుకున్నాను. రిపోర్టులో దానికేం పని? ఆ ఎర్ర రాతనూ, రెండు గీతలనూ పట్టించుకోకుండా వదిలేశాను. బంద్ రోజులతో సహా ఉన్న తారీఖులన్నీ కూడి, రోజులతో భాగించాను. బంద్ రోజు బస్సులు నడవవు, రోగులు రారు, సర్వర్ గుడ్లప్పగించి కూర్చుంటుంది. అట్లాంటి రోజులు ఆ నెలలో బోలెడు. అవన్నీ కలిస్తే సరాసరి కిందికి దిగిపోయింది. సర్వర్ మూడో వంతు కూడా పనిచేయడం లేదని తేలింది. మెట్‌పల్లిని నిశ్చింతగా తగిలించవచ్చని రాసి, సంతకం పెట్టి, పంపేశాను. మేనేజర్ పిలిచి శభాష్ అన్నారు. పొంగిపోయాను.

వారంలో మెట్‌పల్లి కౌంటర్లు తగిలించారు. సారు సిరిసిల్లలోనే చిక్కుకుపోయారు. ఫోన్ చేసినప్పుడు రిపోర్టు బాగా వచ్చిందని మాత్రం చెప్పాను. ఒక గురువారం బంద్. ఆ సాయంత్రం ఆయన ఎవరిదో స్కూటర్ మీద జగిత్యాల చేరారు. శుక్రవారం పొద్దున్నే వచ్చి, "ఏది, రిపోర్టు సూపియ్యి" అన్నారు. బీరువాలోంచి తీస్తున్నాను. ఫోన్ మోగింది.

ముందు కోరుట్ల. తర్వాత సిరిసిల్ల. తర్వాత మెట్‌పల్లి. తెరలన్నీ బిగుసుకుపోయాయి. చీటీ రావడం లేదు. కిందికి పరుగెత్తాం. ముందురోజు రావలసినవాళ్ళూ ఆనాడు రావలసినవాళ్ళూ కలిసి వచ్చారు. లైన్ ఆసుపత్రి గేటు దాటి రోడ్డు మీద ఉంది. కౌంటర్ల మీద అమ్మాయిలు కంగారుతో ప్రింట్ బటన్ నొక్కుతున్నారు, రాకపోతే మళ్ళీ నొక్కుతున్నారు, మళ్ళీ మళ్ళీ నొక్కుతున్నారు. నొక్కిన ప్రతిసారీ సర్వర్ నెత్తిన ఇంకో పని పడుతున్నదని వాళ్ళకేం తెలుసు?

సారు బల్ల ఎక్కి నిలబడి అరిచారు. "చేతులు లేపుండ్రి! ఎవ్వలు గూడ బటన్ ముట్టద్దు! అందరు చేతులు మీదికి లేపుండ్రి!"

అయిదుగురు అమ్మాయిలూ పోలీసులు వచ్చినట్టు చేతులు ఎత్తారు. ఆయన బల్ల మీది నుంచే మూడు ఊళ్ళకూ ఫోన్ చేసి అదే మాట చెప్పారు. కోరుట్లలో అక్క కూడా చేతులు ఎత్తిందట. "చెవికి ఫోన్ ఎట్ల పెట్టుకోవాలె సారూ" అని అడిగిందట. నవ్వొచ్చే దృశ్యమే. కానీ నాకు ఆ రోజు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ సరికే నాకు ఎర్ర సిరా అర్థమైంది. 

లైన్లోంచి ఒక ఆడమనిషి తోసుకుంటూ వచ్చి సారు కాళ్ళ దగ్గర బల్ల పట్టుకుంది. బీర్పూర్ నుంచి వచ్చింది. భర్తకు అయిదు రోజులుగా జ్వరం. బంద్ వల్ల నిన్న రాలేకపోయారు. తెల్లవారుజామునే వచ్చి రక్తం ఇచ్చారు. డాక్టర్ రిపోర్టు కోసం చూస్తున్నాడు. రిపోర్టు మెషీన్లో ఇరుక్కుంది.

"అయ్యా, రెండు గంటల సంది కూసున్నం. ఆయిన చిగుళ్ళ నుంచి నెత్తురొస్తుంది. కంప్యూటర్ల నుంచి కాయితం రాలే అంటున్నరు. నా పెనిమిటి ఆ డబ్బల ఇరికిండా అయ్యా?"

సారు బల్ల మీంచి దిగిన తీరు చూస్తే ఆ వయసు మనిషని ఎవరూ అనరు. మెషీన్ లోంచి కాకుండా రిపోర్టు ఇవ్వకూడదని ఆసుపత్రి నియమం. ఆయన లాబ్‌లోకి వెళ్ళి, టెక్నీషియన్ చేత రక్తకణాల లెక్క నోటితో చెప్పించుకుని, తన నోటుబుక్కు కాగితం చించి రాసి, డాక్టర్ చేతిలో పెట్టారు. ఆ అంకె చూసి డాక్టర్ లేచి నిలబడ్డాడు. ఆ మనిషిని అప్పటికప్పుడు అంబులెన్సులో కరీంనగర్ పంపారు. పది రోజులకు తన కాళ్ళ మీద తానే ఊరికి నడిచి వెళ్ళాడు. ఆ సంగతి తర్వాత తెలిసింది. తెలిసే దాకా నాకు ముద్ద దిగలేదు.

ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టర్ పెద్దలకు చెప్పాడు. సోమవారం మీటింగ్ పెట్టారు. పొడుగాటి బల్ల, అటువైపు పెద్దలు, ఇటువైపు మేమిద్దరం. మేనేజర్ రిపోర్టు తెరిచి నా వాక్యం చదివారు. సర్వర్ మూడో వంతు కూడా పనిచేయడం లేదు అన్న వాక్యం. "ఈ కాకిలెక్క ఎవరిది?" అన్నారు.

నాది అనాలి. ఒక్క మాట. నోరు పెగల్లేదు. అప్పటికి నా ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే. ఇవన్నీ నిజమే. కానీ అప్పుడు నాకు అవేవీ గుర్తు రాలేదు. వట్టి భయం. తేలు కుట్టిన దొంగలాగా కూర్చున్నాను.

"సంతకం నాది సార్" అన్నారు ఆయన.

"మీరు ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవారు. ఇట్లా ఎట్లా రాశారు?"

"సూడకుండ సంతకం పెట్టిన. తప్పు సూడనోనిది."

అబద్ధం చెప్పలేదు. రాశానని అనలేదు. చూడలేదని మాత్రమే అన్నారు. అన్నాక కూడా ఒకటి రెండు క్షణాలు ఆగారు. నాకు చోటు ఇచ్చారేమో అని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు నేను బల్ల మీద గాజుగ్లాసు నీడను చూస్తున్నాను.

ఆయనకు రిటైరయ్యే వయసు దాటిపోయింది. ఏటా పొడిగింపు మీద పనిచేస్తున్నారు. ఆ నెలాఖరుకు పొడిగించవలసిన కాగితం పొడిగించలేదు. వెళ్ళే రోజు నోటుబుక్కులన్నీ నాకు అప్పగించారు.  "కొత్త సర్వర్ వచ్చినంక గూడ లైన్ల నిలబడుడు బంద్ వెట్టకు" అన్నారు, అంతే. కొత్త సర్వర్ రెండు నెలల్లో వచ్చింది. బంద్ మర్నాటి బరువును బట్టి ఎంత పెద్దది కావాలో లెక్క వేసింది నేనే. ఈసారి లెక్క సరిగ్గా వచ్చింది. నా ఉద్యోగం ఖాయమైంది.

ఆరు నెలలు ఆగి సిరిసిల్ల వెళ్ళాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. ఆయన భార్య గడప మీద కూర్చుని ఉన్నారు. "సాంచాల కాడికి పోయిండమ్మా. ఇంట్ల ఉంటె నేను కూర వండెటాళ్లకు ఎన్ని నిమిషాలు వడుతుందో సూస్తడు. గందుకే పంపిన" అన్నారు. సరదాగానే అన్నారు. కానీ ఆ షెడ్డులోకి అడుగుపెట్టి ఆయన్ని చూశాక అక్కడే ఆగిపోయాను. కరెంటు లేదు. సాంచాలన్నీ ఆగి ఉన్నాయి. వరసకు చివర, కిటికీ వెలుగులో, కళ్ళద్దాలు ముక్కు మీదికి జారగా, ఆయన తెగిన పోగులు ఒక్కొక్కటే అతుకుతున్నారు. నలభై ఏళ్ళకు ఏ చప్పుడులోంచి బయటపడ్డారో మళ్ళీ అందులోకే పంపించాను నేను.

"ఏందమ్మా, దారి తప్పినవా?" అని లేచారు.

ఏమీ ఆలోచించకుండా మొదలుపెట్టేశాను. "సార్, ఆ దినం నేను జెప్పాలె. లెక్క నాదని జెప్పాలె. భయమైంది సార్..."

కరెంటు వచ్చింది. షెడ్డులో, పక్క షెడ్డులో, వీధి వీధంతా సాంచాలు ఒక్కసారిగా లేచాయి. నా నోరు కదులుతున్నది, నా మాట నాకే వినబడటం లేదు. ఆయన చెవికి చెయ్యి అడ్డం పెట్టి, లాభం లేదన్నట్టు తల ఊపి, మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చారు. వీధి మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. దాని కింద నిలబెట్టారు.

"దీని మీద నెలకు సరాసరి బరువెంతుంటదంటవ్?"

"తక్కువనే ఉంటది సార్. సగం సేపు కరెంటే ఉండదు గదా."

"మరి ఎప్పుడు పేలుతది?"

 ఆయనే చెప్పారు. "గీ గడియల. కరెంటచ్చిన గడియల. ఆగినయన్ని ఒక్కపారే లేస్తయి. సిరిసిల్లల చిన్న పోరగానికి గూడ ఎరుకే గీ ముచ్చట. నీకు జెప్పలే, నీకూ ఎరుకే అనుకున్న. గది నా తప్పు." ఆగి, నా వైపు వింతగా చూశారు. "ఇంతకు ఆ ఎర్ర సిరాను ఏమనుకున్నవు బిడ్డా?"

చెప్పాను. తెలంగాణ మీద అభిమానం అనుకున్నానని చెప్పాను. ఆయన నవ్వు మొదలుపెట్టి, దగ్గు వచ్చి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. "గది గూడ ఉండె తియ్యి" అన్నారు.

బస్టాండు దాకా నడిచి వచ్చారు. దారిలో మిర్చి బజ్జీలు కొనిపెట్టారు. బజ్జీలవాడి నూనె ఎంతసేపటికి కాగుతున్నదో ఇద్దరం కలిసే చూశాం. జగిత్యాల బస్సు వచ్చింది. ఎక్కుతుంటే అన్నారు.

"లోపల ఏందో అన్నవు. గా చప్పుడుల పుట్టి పెరిగినోన్ని, నాకు ఇనబడ్డది. నువ్వింకా మస్తు ఏండ్లు లెక్కలు జెయ్యాలె. ఎవ్వలకు జెప్పకు. నా మీద వడ్డది నాకు ఇడిసిపెట్టు బిడ్డా."

బస్సు కదిలింది. నేను చేతులు జోడించాను. అంతకు మించి ఏం చేయగలిగాను? ఆయన అప్పటికే వెనక్కి తిరిగి, టికెట్ల కిటికీ ముందున్న లైన్ వైపు చూస్తున్నారు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆ రోజు ఫోన్ చేస్తే, "తెరిసిండ్రు బిడ్డా కౌంటర్" అని చిన్నపిల్లాడిలాగా అరిచారు. నేను హైదరాబాద్ వచ్చేశాను. ఇక్కడ పెద్ద కంపెనీలో అదే పని, పెద్ద సర్వర్లు, పెద్ద జీతం. సరాసరి గీత చూపించి ఎవరైనా చాలు అంటే, సెలవు మర్నాడు ఏమవుతుందో చూశారా అని అడుగుతాను. ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్ అంటే, మా ఊళ్ళో అంటాను. ఆయన చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పలేదు అనుకునేదాన్ని. ఎంత సుఖమైన విధేయత!

ఆ మంగళవారం ఫోన్ పెట్టేసే ముందు అక్క ఒక మాట అంది. "గిప్పటికి గూడ దవాఖానల కొత్తగ చేరినోళ్లకు సారు ముచ్చట జెప్తరు చెల్లె. మంచోడే కని, ఆఖరుకు లెక్క తప్పిండు, ఒకని పానం మీదికి తెచ్చిండు అంటరు. ఇనలేకపోతున్న."

నేనూ వినలేకపోతున్నాను. ఆయన లెక్క ఎన్నడూ తప్పలేదు. చెప్పవద్దని ఆపడానికి ఇప్పుడు ఆయన లేరు. ఆ సరాసరి వేసింది నేను.